ఇంట్లో ఒకలా, బయట ఒకలా: ఇందులో అసలు నేనెవరు?

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను. మీకు ఇరవై ఒకటి. ఇంట్లో తల ఎత్తకుండా, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే మనిషి. స్నేహితుల మధ్య నోరు మూతపడదు, అందరినీ నవ్వించేది మీరే. ఆన్‌లైన్‌లో ఇంకో పేరుతో రాస్తారు, అక్కడ మీరు రాసే అభిప్రాయాలు ఈ రెండు చోట్లా ఎవరికీ తెలీవు. చదువుతున్న కోర్సు ఇంట్లోవాళ్లు ఎంచింది. ఎక్కడ ఉన్నా 'ఇది నా చోటు' అనిపించడం లేదు. ఈ ముగ్గురిలో అసలు నేనెవరు, అది తేలాలంటే చదువు వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలా అని అడిగారు.

ముగ్గురూ మీరే. చదువు వదిలేయక్కర్లేదు, కనీసం ఈ ఒక్క కారణంతో.

ఇంత చిన్న జవాబుతో మీకు తృప్తి ఉండదని తెలుసు కాబట్టి విడమర్చి చెప్తాను. చాలా ఏళ్లుగా మీ వయసు వాళ్లతో కౌన్సెలింగ్ చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది 'అసలు నేను' అనేది లోపలెక్కడో ముందే తయారై కూర్చుని ఉందని, మీద పేరుకున్నదంతా తీసేస్తే బయటపడుతుందని నమ్ముతూ వస్తారు. అలా నమ్మినవాళ్లు గదిలో ఒంటరిగా కూర్చుని తమని తామే తవ్వుకుంటారు. ఎంత తవ్వినా ఏమీ తగలకపోతే 'నాలో ఏమీ లేదు కాబోలు' అని కుంగిపోతారు. నా అనుభవంలో ఎవరికీ అలా తవ్వకంలో దొరకలేదు. ఏదో ఒక పని చేస్తూ, ఎవరితోనో కలుస్తూ, కొన్నింటికి కట్టుబడి కొన్నింటిని వదిలేస్తూ ఉంటే నెమ్మదిగా ఒక రూపు వస్తుంది.

మనిషిని బట్టి మాట మారడంలో వింతేమీ లేదు. అమ్మమ్మతో మాట్లాడినట్టు క్లాస్‌మేట్‌తో మాట్లాడితే ఇద్దరూ కంగారుపడతారు. అందుకే ముఖాలు ఎన్ని అని నేను అడగను. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారేటప్పుడు ఎంత కాపలా కాయాల్సి వస్తోందో అడుగుతాను. సర్దుకోవడం వేరు, దాచుకోవడం వేరు. సర్దుకున్నప్పుడు ఎదుటివాళ్లు ఏం అడిగినా పెద్దగా ఇబ్బంది ఉండదు. దాచుకున్నప్పుడు ఏం అడుగుతారోనని ముందే లెక్కలేసుకోవాలి, ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకోవాలి. ఇలా మారుతూ ఉండటంలో అలసట వస్తోందని రాశారు, అది ఇక్కడిదే అనుకుంటున్నాను.

ఒకబ్బాయి సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. నా ఎదురుగా కూర్చుని ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే లేచి నిలబడేవాడు. గొంతు సన్నబడేది. 'ఆఁ నాన్నా, చదువుతున్నా నాన్నా, సరే నాన్నా.' పెట్టేసి మళ్లీ కూర్చునేవాడు. అలా లేస్తున్న సంగతి తనకే తెలీదు, నేను చెప్తే నమ్మలేదు. తనలో ఇద్దరు మనుషులున్నారని, ఎవరు నిజమో తెలీడం లేదని వచ్చాడు. కొన్ని వారాలు ఆ భాషలోనే నడిచింది మా మాట: స్వేచ్ఛ, సమాజం, ముసుగులు. చివరికి తేలిందేమిటంటే రెండు సబ్జెక్టులు తప్పాడు, ఇంట్లో చెప్పలేదు. అది దాచడానికి తర్వాతి పరీక్షల తేదీలు దాచాలి. ఆ తేదీలు దాచడానికి సెలవుల్లో ఇంటికి వెళ్లకుండా ఏదో వంక చెప్పాలి. ఇంట్లోవాళ్లతో చనువున్న స్నేహితుణ్ణి దూరం పెట్టాలి. అతను మానేసిన స్నేహాలు, మానేసిన ప్రయాణాలు అన్నీ వెనక్కి లాగితే ఆ రెండు సబ్జెక్టుల దగ్గరే ఆగాయి. చెప్పిన రోజు ఇంట్లో గొడవ జరిగింది. నాన్న కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. కానీ 'ఇద్దరు మనుషులు' అన్న మాట మాత్రం ఆ తర్వాత నేను అతని నోట వినలేదు.

మీదీ ఇలాంటిదే అని అనడం లేదు. కానీ పెద్ద ప్రశ్నగా కనిపించేదాని కింద ఒక్కోసారి చాలా చిన్న, స్పష్టమైన సంగతి ఒకటి ఇరుక్కుని ఉంటుంది. అదేమిటో చూసుకోవడానికి ఒక పని చేయండి. మీ ఇంట్లోవాళ్లు, స్నేహితులు, మీ రాతలు చదివేవాళ్లు అందరూ ఒకే గదిలో కూర్చున్నారనుకోండి. ఏది బయటపడుతుందని మీకు భయం? కాగితం మీద రాయండి, ఫోన్‌లో కాదు. రాసేముందు వంద ఉన్నట్టు అనిపిస్తుంది. రాశాక మామూలుగా రెండో మూడో మిగులుతాయి. వాటితో ఏం చేయాలన్నది తర్వాతి సంగతి. ముందు అవేమిటో మీకు తెలియాలి.

ఇక చదువు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మీ కోపమంతా అక్కడే కనిపించింది.

'ఐడెంటిటీ క్రైసిస్', అంటే 'నేనెవరు' అన్న గందరగోళం, అన్న మాటని లోకంలోకి తెచ్చిన మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్. ఆయన 1902లో జర్మనీలో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకి చివరిదాకా తెలీదు. తల్లి యూదు స్త్రీ, పెంచిన తండ్రి పిల్లల డాక్టరు, ఆయన ఇంటిపేరు హోంబర్గర్. కుర్రాడు పొడుగ్గా, బంగారు రంగు జుట్టుతో, నీలి కళ్లతో ఉండేవాడు కాబట్టి యూదుల ప్రార్థనా మందిరంలో పిల్లలు 'నువ్వు మావాడివి కాదు' అన్నారు. బడిలో యూదుడని ఏడిపించారు. ఇంట్లో డాక్టర్ కమ్మన్నారు. ఆయన బొమ్మలు వేసుకుంటూ కొన్నేళ్లు ఐరోపాలో ఊళ్లు తిరిగాడు. పాతికేళ్ల వయసులో వియన్నాలో ఒక చిన్న బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడ మనోవిశ్లేషణని మొదలుపెట్టిన సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ పరిచయమై, ఆ పని మీద ఆసక్తి మనోవిశ్లేషణలోకి లాక్కెళ్లింది. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు 'ఎరిక్సన్' అన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. అది పుట్టుకతో వచ్చిన పేరు కాదు, ఇచ్చిన పేరూ కాదు. ఊళ్లు తిరిగిన ఏళ్లలో ఆయనకి జవాబేమీ దొరకలేదు. ఒక బడిలో పనికి కుదురుకున్నాకే దారి మొదలైంది. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు తిరిగిన భాగాన్ని గుర్తుపెట్టుకుంటారు, పని భాగాన్ని మర్చిపోతారు!

ఆయన ఆలోచనని జేమ్స్ మార్సియా అనే మనస్తత్వవేత్త 1966లో కాలేజీ విద్యార్థులతో ఇంటర్వ్యూలు చేసి ఇంకాస్త స్పష్టం చేశాడు. ఉద్యోగం, మతం, రాజకీయం లాంటి వాటి విషయంలో రెండు సంగతులు చూశాడు. ఈ మనిషి నిజంగా వెతికాడా? దేనికైనా కట్టుబడ్డాడా? వెతికి కట్టుబడ్డవాళ్లు ఒక రకం. వెతుకుతూ ఇంకా దేనికీ కట్టుబడనివాళ్లు ఇంకో రకం. వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు, గాలివాటంగా ఉన్నవాళ్లు మూడో రకం. ఎప్పుడూ వెతకలేదు కానీ, పెద్దవాళ్లు చేతిలో పెట్టినదానికి గట్టిగా కట్టుబడ్డవాళ్లు నాలుగో రకం.

మొన్నమొన్నటిదాకా మీరు నాలుగో రకం. ఇప్పుడు రెండో రకంలోకి వచ్చారు. ఇక్కడ మీకు ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటుంది. ఈ నలుగురిలో ఆందోళన ఎక్కువగా కనిపించేది వెతుకుతున్నవాళ్లలోనే. పెద్దలు ఇచ్చినదాన్ని ప్రశ్నించకుండా పట్టుకున్నవాళ్లు మామూలుగా అందరికంటే కుదురుగా కనిపిస్తారు. మీ క్లాసులో 'వాళ్లకి ఏ గందరగోళమూ లేదు, నాకే ఎందుకు' అని మీరు అసూయపడ్డ ఆ ఇద్దరూ బహుశా ఆ రకమే. వాళ్ల కుదురు చూసి మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి.

అలాగని నాలుగో రకం వాళ్లని తక్కువగా చూడను. తాతల నాటి ఇంట్లో ఉంటున్నవాణ్ణి 'నువ్వు కట్టుకోలేదు కాబట్టి అది నీ ఇల్లు కాదు' అనగలమా? అన్ని గదుల తలుపులూ తీసి చూసి, ఏ గోడ ఉంచాలో ఏది పడగొట్టాలో తేల్చుకుని అక్కడే ఉంటే, అది అతని ఇల్లే. మీరు వెతకడమంటే ఇంట్లోవాళ్లు చెప్పినదానికి దూరంగా వెళ్లడం అనుకుంటున్నారు. వెతికి మళ్లీ అక్కడికే రావచ్చు కూడా. అలా వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. పైకి ఏమీ మారలేదు: అదే కోర్సు, అదే ఉద్యోగం. కానీ అడిగితే 'మా నాన్న చెప్పాడు' అనకుండా తమ కారణాలు తాము చెప్తారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వద్దన్నదల్లా చేయడం, చేయమన్నదల్లా మానేయడం. ఎరిక్సన్ దీన్ని కూడా ఒక రకం గుర్తింపుగానే చూశాడు, తిరగేసిన గుర్తింపు. ఇంట్లోవాళ్లు డాక్టరన్నారు కాబట్టి డాక్టరు తప్ప ఏదైనా సరే అనేవాడి దారిని నిర్ణయిస్తున్నది ఇప్పటికీ ఇంట్లోవాళ్లే. మీ ఉత్తరంలో 'ఎటైనా వెళ్లిపోవాలి' అని రాశారు. ఎటు అని రాయలేదు. ఆ 'ఎటు' దొరికేదాకా చదువు వదలొద్దని నా సలహా. దొరికాక వదిలినా నేను ఆపను.

ఎటో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన ఒక తేడా చెప్తాను. 1987లో టోరీ హిగ్గిన్స్ అనే మనస్తత్వవేత్త మనలో రెండు కొలబద్దలు ఉంటాయన్నాడు. నేను ఇలా ఉండాలని ఆశపడేది ఒకటి, నేను ఇలా ఉండి తీరాలని అనుకునేది ఇంకోటి. మొదటిదాన్ని అందుకోలేకపోతే దిగులు, నిరాశ వస్తాయి. రెండోదాన్ని అందుకోలేకపోతే భయం, కంగారు, తప్పు చేశానన్న బాధ వస్తాయి. కాబట్టి ఈసారి మనసు పాడైనప్పుడు అది ఏ రకమో చూడండి. కోర్సులో మార్కులు తగ్గితే మీకు దడ పుట్టి, ఎవరికి ఏం చెప్పాలా అన్న ఆలోచనే మొదట వస్తోందా? అది బయటి నుంచి వచ్చిన కొలబద్ద. ఏదో పని మీరు చేయలేకపోయినందుకు, ఎవరూ అడగకపోయినా, లోపల వెలితిగా ఉందా? దాని వెంట వెళ్లి చూడండి. మీరు రాత్రుళ్లు కూర్చుని వేరే పేరుతో రాస్తున్నారే, ఎవరూ చూడని ఆ రాత పాడైతే మీకేమనిపిస్తుందన్నది నాకు తెలుసుకోవాలనుంది.

వెతకడమంటే చిన్నగా, వెనక్కి తీసుకోగలిగేలా చేసి చూడటం. ఒక సెలవుల కాలం ఎవరి దగ్గరైనా పని నేర్చుకోవడం, కాలేజీలోనే వేరే విభాగం క్లాసులో వెనక బెంచీలో కూర్చోవడం, నచ్చిన వృత్తిలో ఉన్న మనిషితో ఒక పూట గడిపి ఆ పనిలో విసుగు పుట్టించేది ఏమిటని అడగడం. ఇష్టమైనదేమిటని అడిగితే అందరూ వెలుగున్న భాగమే చెప్తారు. విసుగు భాగం విన్నాక కూడా మీకు చేయాలనిపిస్తే దానికి విలువుంది. ఆన్‌లైన్ క్విజ్‌లు చేసి 'నేను ఫలానా రకం' అని తేల్చుకోవడం కాలక్షేపానికి బాగానే ఉంటుంది, అంతకుమించి బరువు పెట్టకండి.

అన్నీ ఇలా 'చేసి చూసే' సంగతులు కావని కూడా చెప్పాలి. ఈ సమాధానం చదివేవాళ్లలో తమ లైంగికత గురించో, జెండర్ గురించో ఇదే ప్రశ్న మోస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్లకి 'అక్కడికే తిరిగి రావచ్చు' అన్న మాట వర్తించదు. అది రోగమూ కాదు, ఎంపికా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని రోగాల పట్టికలోంచి 1990లోనే తీసేసింది. 'మార్చేస్తాం' అనేవాళ్ల దగ్గరికి ఎవరైనా తీసుకెళ్తానంటే ఒప్పుకోకండి. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది. ఉండటానికి చోటు, చదువుకి డబ్బు ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉండి, చెప్తే ఆ రెండూ పోయే ప్రమాదం ఉంటే, చెప్పకుండా ఆగడం పిరికితనం కాదు. ముందు మీ భద్రత. ఒక్క నమ్మకమైన మనిషికి చెప్పుకుని, మిగతావాళ్లకి మీ కాళ్ల మీద మీరు నిలబడ్డాక చెప్పినా ఆలస్యమేమీ కాదు.

'నలుగురు ఏమనుకుంటారో' అని మీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది. ఆ నలుగురి పేర్లు రాయండి. నిజంగానే, పేర్లు. నేనీ మాట అన్నప్పుడు చాలామంది రెండు పేర్ల దగ్గర ఆగిపోతారు. మిగతా లోకమంతా మనల్నే చూస్తోందన్న భావన ఈ వయసులో మరీ గట్టిగా ఉంటుంది. డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వవేత్త 1967లోనే దీని గురించి రాశాడు, కౌమారంలో మనకి ఒక ఊహా ప్రేక్షక బృందం ఉంటుందని. టామ్ గిలోవిచ్ అనే మనస్తత్వవేత్త బృందం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దీన్ని సరదాగా పరీక్షించింది. ఒక విద్యార్థికి సిగ్గుపడేలాంటి బొమ్మున్న టీషర్టు వేసి, జనం ఉన్న గదిలోకి పంపారు. ఎంతమంది గమనించి ఉంటారని తర్వాత అడిగితే, టీషర్టు వేసుకున్నవాళ్లు 'గదిలో దాదాపు సగం మంది' అన్నారు. గదిలో ఉన్నవాళ్లని అడిగితే పావు వంతు మందే ఆ బొమ్మ ఎవరిదో చెప్పగలిగారు. 2000లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అయితే ఈ ప్రయోగాన్ని చూపించి 'ఎవరూ పట్టించుకోరు, హాయిగా ఉండు' అనేవాళ్లతో నేను ఒప్పుకోను. గదిలో ఉన్నది ముక్కూమొహం తెలీనివాళ్లు. మీ అమ్మ గమనిస్తుంది. మీ మేనత్త గమనించి ఇంకో నలుగురికి చెప్తుంది కూడా. దగ్గరివాళ్ల చూపుకి నిజమైన పర్యవసానాలుంటాయి. అందుకే పేర్లు రాయమన్నది. ఎవరి అభిప్రాయం మీ జీవితంలో నిజంగా ఏదైనా మారుస్తుందో, ఎవరిది ఉత్త శబ్దమో విడిపోతుంది.

ఇప్పుడు మీరు రాసిన బాధల్లో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది: ఏ గుంపులోనూ నా చోటు లేదు అన్నది. స్నేహితులు మిమ్మల్ని వదిలేసి వేరే గ్రూపు పెట్టుకున్నారని తెలిసిన రోజు రాత్రంతా నిద్ర పట్టలేదని, 'వాళ్లంటే నాకు పెద్ద ఇష్టం కూడా లేదు, అయినా ఎందుకింత బాధ' అని రాశారు.

కిప్లింగ్ విలియమ్స్ అనే పరిశోధకుడు ఒకసారి పార్కులో కూర్చుని ఉంటే ఇద్దరు అపరిచితులు విసురుకుంటున్న ఫ్రిస్బీ (ఆటకి వాడే ప్లాస్టిక్ పళ్లెం) దొర్లుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. ఆయన తిరిగి విసిరాడు, వాళ్లు మళ్లీ ఆయనకి విసిరారు, కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్లు ఆయనకి విసరడం మానేశారు. ఎవరో తెలీని ఇద్దరు ఆపేసినందుకు తనకి అంత చిన్నతనంగా ఎందుకనిపించిందా అని ఆలోచించి, దాన్ని కంప్యూటర్ ఆటగా మార్చి ప్రయోగాలు చేశాడు. తెర మీద బంతి ఇవ్వకుండా ఆపేస్తే చాలు, మనుషులు నొచ్చుకున్నారు. అవతల ఆడుతున్నది కంప్యూటరేనని ముందే చెప్పినా నొచ్చుకున్నారు. తాము అసహ్యించుకునే గుంపు వెలివేసినా నొచ్చుకున్నారు.

దీంట్లోంచి మీరు తీసుకోవాల్సింది ఇది. వెలివేత నొప్పికి విచక్షణ లేదు. ఆ నొప్పి కలిగినంత మాత్రాన ఆ గుంపు మీకు సరైనదని అర్థం కాదు. నొప్పి తగ్గించుకోవడానికి ఏ గుంపు తలుపు ముందు తెరిస్తే అందులోకి దూరిపోయేవాళ్లని చూస్తుంటాను, ఆన్‌లైన్‌లో మరీ. లోపలికి తీసుకోవడం చాలా తేలిక, బయటికి రావడం కష్టం అయిన గుంపుల విషయంలో జాగ్రత్త. 'మనం' అనేదానికంటే 'వాళ్లు' అనే మాట ఎక్కువ వినపడుతున్నా, పాత స్నేహాలు తెంచుకోమంటున్నా, సందేహం అడిగితే ద్రోహిలా చూస్తున్నా, నెమ్మదిగా లేచి వచ్చేయండి.

ఎంతమంది కావాలి మనిషికి? రాయ్ బౌమైస్టర్, మార్క్ లియరీ అనే మనస్తత్వవేత్తలు 1995లో, నలుగురిలో ఒకరిగా ఉండాలన్న ఈ అవసరం మీద ఉన్న పరిశోధనలన్నీ ఒక దగ్గర పెట్టి చూశారు. కావాల్సింది తరచూ కలిసే, నిలకడగా ఉండే, ఒకరి బాగు ఒకరికి పట్టిన కొద్ది సంబంధాలు. ఆ కొద్ది ఉన్నాక పైన చేరేవాళ్ల వల్ల కలిగే లాభం తగ్గుతూ పోతుంది. మీ ఆన్‌లైన్ పేరుకి వేల మంది ఉన్నా వెలితిగా ఉండటానికి కారణం మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మీ ఈ సంగతులు మీ అక్కకి సగం తెలుసన్నారు. 'తను నాతో అన్నింటికీ ఒప్పుకోదు, చెప్పి లాభమేంటి' అన్నారు. ఇక్కడే నేను మీతో విభేదిస్తాను. సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలో చేసిన ప్రయోగం మీరు విని ఉండొచ్చు. ఒక గీతకి సమానమైన గీత మూడింటిలో ఏదో చెప్పాలి, జవాబు కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లంతా, ముందే మాట్లాడుకుని, తప్పు జవాబు చెప్తారు. దాదాపు మూడోవంతు సార్లు ఆ ఒంటరి మనిషి కూడా వాళ్ల తప్పుకే తలూపాడు. ఒక్కరు నిజం చెప్పినా చాలు, అలా తలూపడం అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగోవంతుకి పడిపోయింది. నాకు అన్నిటికంటే నచ్చింది దీని తర్వాతి భాగం. ఆ ఒక్కరు నిజం చెప్పకుండా, గుంపుతోనూ కలవకుండా, మరీ ఘోరమైన ఇంకో తప్పు చెప్పినప్పుడు కూడా పక్కవాడికి తన కళ్లని నమ్మే ధైర్యం వచ్చింది. మీ అక్క మీతో ఏకీభవించాల్సిన పనిలేదు. గుంపుతో గొంతు కలపకుండా ఉంటే చాలు. కాగితం మీద రాసిన ఆ రెండు మూడింటిలో తేలికైనది ఒకటి ముందు ఆవిడకి చెప్పండి. ఎలా తీసుకుంటుందో చూసి రెండోది.

అమ్మానాన్నలతో మాట్లాడటం గురించి. 'నేనెవరో నాకు తెలుసుకోవాలనుంది' అని మొదలుపెడితే వాళ్లకి వినపడేది 'మేం పెంచింది సరిపోలేదు' అని. అంత పెద్ద మాటలొద్దు. ఒక్క విషయం, ఒక్క అడగడం. ఇద్దరిలో తక్కువ కోపం ఉన్నవాళ్లతో, మూడో మనిషి లేనప్పుడు, గొడవ జరగని రోజు చూసి. ఇలా అనొచ్చు: 'నాన్నా, కోర్సు మానేస్తాననడం లేదు. పూర్తి చేస్తాను. కానీ ఈ సెలవుల్లో రెండు నెలలు ఒక పత్రిక ఆఫీసులో పని చేసి చూడాలనుంది. అయ్యాక ఏమనిపించిందో నేనే వచ్చి చెప్తాను. అప్పటిదాకా దీని మీద ఏదీ తేల్చొద్దు, సరేనా?' ఇందులో వాళ్లకి ఒక హామీ ఉంది, గడువుంది, మళ్లీ మాట్లాడతారన్న మాట ఉంది. వెంటనే సరే అనకపోవచ్చు. మీరు ఏళ్ల తరబడి లోపల నలిగిన సంగతి వాళ్లు మొదటిసారి వింటున్నారు. మొదటి రోజు వాళ్లన్న మాటనే చివరి మాట అనుకోకండి. మొదట విరుచుకుపడ్డవాళ్లే కొన్ని నెలల తర్వాత 'అదెంతవరకు వచ్చింది' అని అడగడం నేను ఎన్నోసార్లు విన్నాను. అసలు వినే స్థితిలోనే లేరు, చేయి చేసుకునే అవకాశం ఉంది అంటే మాత్రం ఈ సంభాషణ ఇప్పుడు వద్దు.

నిద్ర, ఆకలి వారాల తరబడి పాడై, ఏ పని మీదా మనసు నిలవకపోతే, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని అస్తిత్వ ప్రశ్నగా అనుకుని ఒంటరిగా మోయొద్దు. డాక్టర్నో కౌన్సెలర్నో కలవండి, ఆలోచన బలంగా ఉంటే ఆ రోజే, మనిషిని తోడు తీసుకుని.

ఇదంతా ఎప్పటికి తేలుతుందని చివర్లో అడిగారు. ఇరవై ఒకటికి తేలకపోవడం ఆలస్యం కాదు. జెఫ్రీ ఆర్నెట్ అనే మనస్తత్వవేత్త 2000లో పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు దాకా ఉన్న కాలాన్ని, అటు కౌమారం కాని ఇటు పూర్తి పెద్దరికం కాని విడి దశగానే చూడాలన్నాడు, వెతుకులాట ఎక్కువగా జరిగేది అందులోనే. ఆ తర్వాత కూడా ఉద్యోగం మారినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, అయినవాళ్లు పోయినప్పుడు ఈ ప్రశ్న మళ్లీ తెరుచుకుంటుంది. నా దగ్గరికి యాభై దాటినవాళ్లు కూడా ఇదే ప్రశ్నతో వస్తారు. మీ విషయంలో అయితే ఆ కాగితం ఈ వారం రాయండి, అక్కతో ఒకటి చెప్పండి, సెలవులకి ఏం చేసి చూడబోతున్నారో తేల్చుకోండి. సెలవులయ్యాక ఇక్కడే కింద రాయండి, అప్పుడు కోర్సు సంగతి మళ్లీ మాట్లాడదాం.